పోగుల మీద గుర్తులు

రోజారమణికి దొరికిన మొదటి ఉద్యోగం చిన్నప్పుడే దొరికింది. జీతం లేదు, హాజరు పట్టీ లేదు, పై అధికారి లేడు. బోగోలు మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉండే వాళ్ళ పాలెంలో, అలివి వల ఒడ్డుకు వచ్చిన ప్రతి ఉదయం చేపల పోగుల మీద గుర్తులు పెట్టే పని. ఇప్పుడామెకు నలభై దగ్గర పడుతోంది. కావలిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు టీచరు. పిల్లలు మేడం అంటారు, తల్లిదండ్రులు గారు చేర్చి మాట్లాడతారు. అయినా నువ్వు చేసిన పనుల్లో ఏది గొప్పదమ్మా అని అడిగితే ఆమె మనసు నేరుగా ఆ తడి ఇసుక మీదికే పోతుంది. అక్కడ కాసేపు సంతోషంగా తిరిగి, చివరికి ముల్లు గుచ్చుకుని వెనక్కి వస్తుంది. ఆ ముల్లు సంగతే ఈ కథ.

అలివి వల ఒక్కరు వేసేది కాదు. పడవలో తీసుకెళ్ళి లోపల వంపుగా దించి వస్తే, రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఒడ్డు మీద మగవాళ్ళంతా రెండు జట్లుగా లాగాలి. వల లోతు తక్కువ నీళ్ళలోకి వచ్చేసరికి ఆడవాళ్ళు గంపలతో దిగేవాళ్ళు. మంచి చేపలు అక్కడికక్కడే వేలం పాటకు పోయేవి. ఇంటి కూరకని పక్కన పెట్టిన కవళ్ళు, నెత్తళ్ళు, చిన్న పారలు మాత్రం ఇసుక మీద పోగులు పెట్టేవాళ్ళు. తాడు లాగిన ప్రతివాడికీ ఒక పోగు. పెట్టేవాడు ఎంత నేర్పరి అయినా ఒక పోగు కొంచెం బొద్దుగా, ఇంకొకటి కొంచెం బక్కగా వస్తుంది. ఆ కొంచెం దగ్గరే మనుషులకు మనస్పర్థలు వస్తాయి.

అందుకని పెద్దవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతివాడూ ఏదో ఒక గుర్తు ఇస్తాడు. ఒకడు ఆర్పిన బీడీ ముక్క, ఒకడు గవ్వ, ఒకడు వేపపుల్ల, ఒకడు సోడా మూత. రోజారమణి నాయన ముత్యాలయ్యది ఎప్పుడూ వలను తేల్చే బెండు ముక్కే. అవన్నీ ఒక తువ్వాల్లో వేసి కలిపి ఆ పిల్ల చేతికి ఇచ్చేవాళ్ళు. ఆమె వరసగా నడుస్తూ ఒక్కో పోగు మీద ఒక్కో గుర్తు పెట్టేది. ఎవడి గుర్తు ఎక్కడ పడితే ఆ పోగు వాడిది. ఇక దాని మీద మాట ఉండదు.

పాలెం ఎంతని. ఏ గుర్తు ఎవరిదో అందరికీ తెలుసు, రోజారమణికీ తెలుసు. చేతికి తగలగానే ఇది ఫలానా మామది, ఇది ఫలానా పెదనాయనది అని చెప్పగలదు. సొంత నాయన బెండు ముక్క కూడా అదే తువ్వాల్లో ఉండేది. అయినా ఆ పిల్ల చేతిని ఒక్కరు కూడా శంకించలేదు. ఆమె పోగుల మధ్య నడుస్తుంటే అంత పెద్ద మగవాళ్ళు, సముద్రంతో కలబడి వచ్చినవాళ్ళు, తడి లుంగీలతో చలికి వణుకుతూ నోరు మూసుకుని నిలబడేవాళ్ళు. ఎండ అప్పుడే నీళ్ళ మీద పడుతుండేది. పాలెం అంతా తనని నమ్ముతోందని ఆ పిల్లకు ఒళ్ళంతా తెలిసేది. అలాంటి ఉదయాలు మళ్ళీ ఏ ఉద్యోగమూ ఇవ్వలేదు.

ముత్యాలయ్య తన పోగు అందరికంటే చివర తీసుకునేవాడు. పక్కవాడి పోగు వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. గంపలోకి ఎత్తుకుని, కూతురికి ఒక చిన్న పార చేపను తోక పట్టుకుని తెచ్చుకొమ్మని ఇచ్చి ఇంటి దారి పట్టేవాడు. ముత్యాలయ్యది పెద్ద మనసు అని పాలెంలో పేరు. కూతురికి ఆ పేరంటే గర్వం.

బడిలో మాత్రం ఆ పిల్ల బతుకు వేరుగా ఉండేది. పద్యం ఒకసారి వింటే ఒప్పజెప్పే పిల్ల, ఎక్కం దగ్గరికి వచ్చేసరికి రాయిలా నిలబడేది. అంకెలు ఆమె దగ్గర ఒక్కచోట కూర్చునేవి కావు. పలక మీద రాసినవి రాసినట్టే తారుమారయ్యేవి. గడియారం చూపించి టైమెంత అని అడిగితే పెద్దముల్లునీ చిన్నముల్లునీ చూస్తూ కన్నీళ్ళు పెట్టుకునేది. అయ్యవారు మొద్దు అన్నాడు. తర్వాత సోమరి అన్నాడు. ఆ తర్వాత ఇంకేం అనాలో తోచక చెవి మెలిపెట్టాడు. ఆ రోజుల్లో చదువు చెప్పడమంటే సగం అదే, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అమ్మ అంకాలమ్మ చేపల గంప దించకుండానే నలుగురి బేరం నోటితో తేల్చేసే మనిషి. "నా కడుపున ఎట్టా పుట్టినావే నువ్వు," అని తల కొట్టుకునేది. ముత్యాలయ్య ఏమీ అనేవాడు కాదు. వేలం డబ్బులు తువ్వాలు కొసన ముడేసినవి వేసినట్టే తెచ్చి భార్య ఒళ్ళో పడేసి, అరుగు మీద వల బాగుచేసుకునేవాడు. ఆయనకు డబ్బంటే ఆశ లేదని అది కూడా ఆ పెద్ద మనసు పద్దులోనే వేసేవాళ్ళు జనం.

పదో తరగతి లెక్కల పరీక్ష రోజారమణి ఎలా గట్టెక్కిందో ఆ దేవుడికీ, దిద్దిన ఆయనకీ తెలియాలి. గట్టెక్కింది మొత్తానికి. ఇంటర్లో లెక్కలు లేని గ్రూపు తీసుకుని, ఇక పీడ వదిలిందనుకుని, కావలిలో బి.ఎ.లో చేరింది. పాలెం నుంచి డిగ్రీకి పోయిన మొదటి ఆడపిల్ల. ఆ రోజులు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ముఖం విప్పారుతుంది. బస్సు నంబరు చదివితే తప్పుతుందని, వెనక అద్దం మీద చిలక బొమ్మ ఉన్న బస్సునే ఎక్కేది. ఒకసారి ఆ బస్సుకు రంగులేసి చిలకను చెరిపేస్తే, స్టాండులో నిలబడి చూస్తూ చూస్తూ ఆ రోజు కాలేజీకే పోలేదు. స్నేహితురాళ్ళు ఎన్నాళ్ళో నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వితే ఎవరూ కారణం అడగరని అప్పటికే నేర్చుకుంది.

చరిత్ర ఆమెకు కథలా ఎక్కింది, సంవత్సరాలు తప్ప. తెలుగు క్లాసు అయితే చెప్పనక్కర్లేదు. గొడవంతా అర్థశాస్త్రంతో వచ్చింది. లెక్కలు లేని చదువు అనుకుని చేరితే రెండో ఏడు అందులోనే గణాంకాలని ఒక భాగం బయటపడింది. సగటు కట్టు, పట్టిక వెయ్యి, శాతం తియ్యి. పరీక్ష రోజు హాలు టికెట్టు నంబరు తిరగేసి చదువుకుని వేరేవాళ్ళ బల్ల మీద కూర్చుంది. కాపలా ఉన్నాయన "డిగ్రీ చదువుతున్నావు, నంబరు చూసుకోవడం రాదా" అని అందరి ముందూ లేపాడు. అసలు చోటికి పోయి కూర్చునేసరికి చేతులు చెమట పట్టి పెన్ను జారిపోతోంది. ఆ పేపరు పోయింది.

ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున పాలెంలో వల వచ్చింది. మనసు బాగాలేకపోయినా పిలవగానే పోయి గుర్తులు పెట్టింది. పని అయ్యాక పడవ నీడన కూర్చుని ఉంటే ముఖేష్ వచ్చాడు. మేనమామ కొడుకు, వరసకు బావ. అప్పటికే వాళ్ళ నాయనతో సముద్రం మీదికి పోతున్నాడు. మనిషి మంచివాడే, నోరే ఆగదు.

"ఫెయిలయినావంటనే," అన్నాడు.

"లెక్కలు పోయినాయి."

"పోక ఏం చేస్తాయి. నీకు లెక్క తెలీదనే గదా పాలెమంతా నిన్ను గుర్తులకు పెట్టుకునింది."

రోజారమణి తలెత్తి చూసింది. "ఏందది?"

"ఏందంటావేంది. గుర్తు ఎవురిదో నీకు తెలుసు. ఏ పోగు పెద్దదో కూడా తెలిస్తే మీ నాయనకు పెద్ద పోగే ఏస్తావు గదా. అది నీకు తెలీదు. ఈ రెండింట్లో ఏది ఎక్కవంటే బెబ్బెబ్బె అంటావు. అందుకే నిన్ను పెట్టినారు. మా చెల్లెల్ని ఎందుకు పెట్టలేదనుకున్నావు? అది కంటితోనే కొలిచేస్తాది."

ఏడిపిద్దామని అన్న మాట. అని, ఎవరో పిలిస్తే పోయాడు కూడా. రోజారమణి అక్కడే కూర్చుని ఎదురుగా మిగిలి ఉన్న రెండు పోగుల వైపు చూసింది. ఏది పెద్దది? ఎంత చూసినా రెండూ చేపల పోగులే. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న తనకు ఒక్కసారి కూడా తోచలేదని అప్పుడు గ్రహించింది. మగవాళ్ళందరూ నోరు మూసుకుని నిలబడింది తన మీద నమ్మకంతో కాదు, తనకేమీ తెలియదన్న ధీమాతో. గొప్ప అనుకున్నది కాస్తా సిగ్గుగా మారడానికి ఎంతసేపు కావాలి.

తర్వాత వల వచ్చిన రోజు ముత్యాలయ్య వాకిట్లో నిలబడి పిలిచాడు. "రోజమ్మా, పోగులు పెట్టినారు."

"చదువుకోవాల నాయనా. ఇంగ నేను రాను. ఏ పోగు పెద్దదో తెలీనిదాన్ని గదా, దానికి ఎవురైనా చాలు."

నాయన అట్టా కాదు బిడ్డా అంటాడని, ఎవరన్నారు ఆ మాట అని గొడవకు పోతాడని ఆమె ఎదురుచూసింది. ఆయన నోరు తెరవబోయి, ఆమె ముందున్న పుస్తకం వైపు చూసి, మాట మింగేసి వెళ్ళిపోయాడు. మాట మింగేశాడంటే నిజమేనన్నమాట. పాలెం వెక్కిరించిందన్న బాధ కంటే, నాయన కాదనలేదన్న బాధే ఆమె గుండెలో దిగింది.

గుర్తుల పని చూపు మందగించిన ఆదెయ్య తాతకు పోయింది. రోజారమణి మళ్ళీ వల దగ్గరికి పోలేదు.

డిగ్రీ పోకుండా కాపాడింది అర్థశాస్త్రం చెప్పే విజయకుమారి మేడం. ఆమె రోజారమణి పేపరు తెప్పించుకుని చూసి, గదికి పిలిచి కూర్చోబెట్టింది. "థియరీ ఇంత బాగా రాసే పిల్ల మొద్దు కాదు. నీకు అంకెలతో ఏదో ఇబ్బంది ఉంది. అదేమిటో నాకు తెలియదు. లెక్కల ప్రశ్నలు ముట్టుకోకు. మిగిలినవి రాసి పాసవ్వొచ్చు," అంది. ముట్టుకోలేదు. పాసయింది. ఆ మేడం రిటైరై వెళ్ళిపోయేదాకా ప్రతి ఉగాదికీ ఆమె ఇంటికి పోయి దణ్ణం పెట్టి వచ్చేది.

పెళ్ళయింది. భర్త పెంచల్ ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మొదట్లో గోడ గడియారం చూసి చెప్పమంటే ఆమె వంటింట్లోకి తప్పించుకుపోవడం గమనించి, ఏమీ అడగకుండా అంకెలు వెలిగే గడియారం తెచ్చి తగిలించాడు. ఆ పని చేసినందుకు ఆయన మీద ఆమెకున్న ప్రేమ ఇంతా అంతా కాదు. బ్యాంకు కార్డు రహస్య సంఖ్య ఆమెకు గుర్తుండదు. వేలు ఎటునుంచి ఎటు పోవాలో గుర్తుంటుంది, ముగ్గు వేసినట్టు. కూరగాయల అంగడిలో చిల్లర ఎంతిస్తే అంత సంచిలో వేసుకుని వస్తుంది. ఇలా బతుకు మొత్తం పక్కదారుల్లో నడిపించుకుంటూ వచ్చింది. అలసట అంటే అదే, కానీ చెప్పుకునే అలసట కాదు.

బడిలో ఆమె తెలుగు పాఠమంటే పిల్లలు గంట కొట్టినా లేచేవాళ్ళు కాదు. ఒక్క మార్కుల కూడిక దగ్గరే ప్రాణం పోయేది. ఆ సంగతి మొదటి ఏడాదే పసిగట్టినవాడు లెక్కల మాస్టారు హరినాథ్. ఆయనకు నాలుగు వాక్యాలు తెలుగు రాయమంటే జ్వరం వస్తుంది. వార్షికోత్సవం ఉపన్యాసాలు, చుట్టాల పెళ్ళి శుభలేఖలు ఆమె రాసిపెట్టేది. ఆమె పేపర్ల మొత్తాలు ఆయన వేసిపెట్టేవాడు. "మీ అంకెలు నావి, నా అక్షరాలు మీవి మేడం," అని నవ్వేవాడు. అలా ఏళ్ళు గడిచాయి. దొరికిపోతానన్న భయం మాత్రం ఏ పరీక్షల కాలంలోనూ తగ్గలేదు.

నిరుడు అర్ధసంవత్సరం పరీక్షలప్పుడు హరినాథ్ కూతురి నిశ్చితార్థమని సెలవు పెట్టాడు. మార్కులు ఆ సాయంత్రమే కావాలన్నారు. రోజారమణి అంచుల్లో చిన్న చిన్న గీతలు గీసుకుని, వేళ్ళు ముడుచుకుని, ఒక్కో పేపరూ మళ్ళీ మళ్ళీ కూడి ఇచ్చింది. వారం తిరక్కుండా తొమ్మిదో తరగతి పిల్ల అబిగయీలు వాళ్ళ అమ్మ స్టాఫ్ రూముకు వచ్చింది. ఆ తల్లి పేరు సమాధానం. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే గవర్నమెంటు టీచరు.

"మా పాప పద్యాలు నిద్రలో కూడా చెప్తాది. తెలుగులో ముప్పై ఏడు ఏంది మేడం? ఇంట్లో అన్నం మానేసి కూర్చునుంది," అంది కోపంగా.

హరినాథ్ పేపరు తీసుకుని కూడాడు. మళ్ళీ కూడాడు. రోజారమణి వైపు చూడలేక పేపరు మీదే చూస్తూ, "డెబ్బై మూడు," అన్నాడు. కూడిక సరిగ్గానే చేసింది. చేసి, మొత్తం తిరగేసి రాసింది.

గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. ఉద్యోగం పోయిందనుకుంది. అంతకంటే, ఒక పిల్ల తన వల్ల అన్నం మానేసింది. మొద్దు అన్న మాట విని చిన్నప్పుడు తను కూడా మానేసిన రోజులున్నాయి. "తప్పు నాదేనండి. నాకు అంకెలు రావు. చిన్నప్పటి నుంచీ రావు," అంది. ఆ మాట అంతకు ముందెప్పుడూ ఎవరి ముందూ అనలేదు.

ఆ మాటకు సమాధానం టీచరు కోపం మధ్యలోనే ఆగిపోయింది. పేపరు అంచున ఉన్న గీతల వైపు కాసేపు చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, తన బడి పిల్లలతో మాట్లాడినట్టు మెల్లగా అడిగింది. "కుడి చెయ్యి ఏదంటే ఆలోచించుకోవాల్సి వస్తాదా మేడం? ముళ్ళ గడియారం చూడగానే తెలుస్తాదా? ఫోన్ నంబరు ఎవరైనా చెప్తే రాసేలోపల పోతాదా?" ప్రతిదానికీ రోజారమణి తల ఊపింది. వెక్కిరించకుండా ఆ ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి ఆమె.

సమాధానం టీచరే ఆమెను నెల్లూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరమ్మ ఏవేవో పరీక్షలు పెట్టి, చివర రెండు అట్టలు చూపించింది. రెండింటి మీదా నల్లచుక్కలు. "లెక్కపెట్టకుండా చెప్పండి, ఏ అట్ట మీద ఎక్కువున్నాయి?" రోజారమణి చూసింది. చూస్తుంటే అవి అట్టలు కాకుండా పోయాయి. పడవ నీడన కూర్చున్నట్టు, ఎదురుగా రెండు పోగులున్నట్టు అనిపించి కళ్ళు తుడుచుకుంది.

దాని పేరు డిస్కాల్క్యులియా అని చెప్పింది డాక్టరమ్మ. తెలివికి సంబంధం లేదనీ, పుట్టుకతో వచ్చేదనీ, అక్షరాలు చక్కగా వచ్చినవాళ్ళకు కూడా అంకెలు ఇలా జారిపోవచ్చనీ చెప్పింది. "చాలామందిలో కుటుంబంలోనే ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగింది.

"లేదండి. మా అమ్మ గంప దించకుండా లెక్క చెప్తుంది."

"నాన్నగారు?"

"ఆయన బడికే పోలేదండి. లెక్కలతో ఆయనకు పనే పడలేదు," అంది రోజారమణి.

హెడ్మాస్టరు నరేంద్రబాబు డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చదివి, "మిమ్మల్ని పెట్టుకుంది తెలుగు చెప్పడానికి. కూడికలు హరినాథ్ గారు చేస్తారు, ఇకనుంచి దొంగచాటుగా అక్కర్లేదు," అన్నాడు. రోజారమణి అబిగయీలును క్లాసులో అందరి ముందూ నిలబెట్టి, తప్పు తనదని చెప్పి అసలు మార్కు చదివింది. ఆ పిల్ల సిగ్గుపడుతూ నవ్వింది. ఉద్యోగం నిలిచింది, పేరు తెలిసింది. ఇక మనసు తేలికపడాలి. పడలేదు. ఆ అట్టలు చూసినప్పటి నుంచీ ఇసుక మీద ముల్లు మళ్ళీ కెలుకుతోంది. నాయన ఎందుకు కాదనలేదు?

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పాలెం పోయింది. సునామీ తర్వాత ఫైబర్ పడవలు వచ్చి అలివి వల తగ్గిపోయింది కానీ చేపల కాలంలో అప్పుడప్పుడూ ఇంకా లాగుతారు. ఆ రోజు దూరంగా రెండు జట్లూ తాళ్ళు పట్టుకుని ఉన్నాయి. ముత్యాలయ్యకు ఇప్పుడు తాడు లాగే వయసు లేదు. వలలో ఆయనకు పాత వాటా ఉంది గనుక పోగు మాత్రం వస్తుంది. ఒడ్డున తాటాకు పందిరి కింద చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు.

ఆమె పక్కన కూర్చుని నెల్లూరు సంగతంతా చెప్పింది. ఆయన చేతిలో పని ఆపకుండా విన్నాడు.

"పేరు మళ్ళా చెప్పు," అన్నాడు. ఆమె చెప్పింది. ఆయన అనడానికి చూసి, "నోరు తిరగడంలా," అని నవ్వాడు. "మందుండాదా దానికి?"

"లేదు నాయనా. దాంతోనే బతకొచ్చంట."

"అది నాకు తెల్సు."

ఆయన మామూలుగా అన్న ఆ మాటను ఆమె పట్టించుకోలేదు. ఇన్నేళ్ళు నాలుక చివర ఉన్నది అడగడానికి ధైర్యం కూడగట్టుకుంటోంది. "నన్ను గుర్తులకు పెట్టింది అందుకే గదా. నాకు ఏ పోగు పెద్దదో తెలీదనే గదా. ముఖేష్ బావ చెప్పినాడు అప్పట్లో. నువ్వు కాదనలేదు."

"కాదని ఎట్టా అంటా. నిజమే గదా."

ముత్యాలయ్య అప్పుడు వల పక్కన పెట్టాడు. "నీకు ముందు ఆ గుర్తులు ఎవురు ఏసేవాళ్ళో తెలుసా?"

"తెలీదు."

"నేనే. తాడు పట్టేంత వయసు వచ్చిందాకా నేనే ఏసినా. మా నాయన పెట్టించినాడు. నాకూ తెలిసేది కాదు పాపా, ఏది ఎక్కవో ఏది తక్కవో. ఈ రోజుకీ తెలీదు. మీయమ్మ ఒళ్ళో ఎంత పోసేవాడినో నాకు ఏనాడన్నా తెలుసా? బడికి పోలేదు గాబట్టి ఎవురికీ అగపడలా, అంతే. నువ్వు బడికి పోయినావు, నీకు దెబ్బలు పడినాయి."

ఆమె ఆయన ముఖమే చూస్తోంది.

"నువ్వు చిన్నబిడ్డగా ఉన్నప్పుడు పోగుల ముందర నిలబడి నా మాదిరే చూసేదానివి. నాకు ఎరికయిపోయింది. నేనే పోయి పాలెం పెద్దకు చెప్పినా, నా కూతుర్ని పెట్టండని. ఈ బుర్రతో నాకు దక్కిన మర్యాద అదొక్కటే. దానికి అంతమంది మొగోళ్ళు నోరు మూసుకుని నిలబడేవాళ్ళు. అది నీకు ఇప్పిద్దామనుకున్నా."

"మరి ఆ రోజు ఒక్క మాట చెప్పుండొచ్చు గదా."

"చెప్దామనే నోరు తెరిచినా. నీ ముందర పుస్తకం ఉండాది. నీదీ నా బుర్రే అని చెప్తే ఆ పుస్తకం మూసేసి వచ్చి నా పక్కన కూచుంటావని బయమేసింది."

రోజారమణి తల వంచుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఏదో గుర్తొచ్చి తలెత్తింది. "పక్కోళ్ళ పోగు వైపు చూసేవాడివే కాదు. పెద్ద మనసని అందరూ అనేవాళ్ళు."

"చూస్తే మాత్రం నాకేం తెలుస్తాది," అన్నాడు ముత్యాలయ్య.

ఆమెకు నవ్వు ఆగలేదు. ఆయనకూ ఆగలేదు. వల లాగుతున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

వల ఒడ్డుకు వచ్చింది. పాటకు పోవాల్సినవి పోయాయి. కూర చేపలు పోగులు పెట్టారు. ఆదెయ్య తాతకు ఇప్పుడు బొత్తిగా చూపు లేదు, ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించాలి. తువ్వాలు ఆయన చేతికి ఇవ్వబోతుంటే రోజారమణి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ముందుకు పోయింది. "తాతా, ఈ రోజుకు నేను ఏస్తా."

ఆదెయ్య గొంతును బట్టి పోల్చుకున్నాడు. "ముత్యాలయ్య కూతురా. నీ పనేగదమ్మా ఇది, తీసుకో," అని తువ్వాలు ఆమె చేతికి ఇచ్చాడు.

మగవాళ్ళు నిలబడ్డారు. సగం మంది ఆమె ఎరగని కుర్రవాళ్ళు, అయినా నోళ్ళు మూసుకునే నిలబడ్డారు. తడి ఇసుక అరికాళ్ళకు చల్లగా తగిలింది. తువ్వాల్లో చెయ్యి పెడితే గవ్వ తగిలింది, పుల్ల తగిలింది, సోడా మూత బదులు ఇప్పుడు నీళ్ళ సీసా మూత తగిలింది. బెండు ముక్క తగిలినప్పుడు ఒక్క క్షణం దాన్ని గుప్పిట్లో ఉంచుకుని, ఎదురుగా వచ్చిన పోగు మీద పెట్టి ముందుకు నడిచింది.

ముఖేష్ ఇప్పుడు సొంత పడవున్న మనిషి, జుట్టు నెరిసింది, నోరు మాత్రం అలాగే ఉంది. "ముత్యాలు మామా, ఇన్నేళ్ళకు వచ్చి నీ కూతురు నీకు అన్నిట్లోకీ చిన్న పోగు ఏసింది చూడు," అన్నాడు.

ముత్యాలయ్య తన పోగు వైపు చూశాడు. పక్క పోగు వైపు కూడా చూశాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"అట్నా పాపా?"

రోజారమణి కూడా రెండు పోగుల్నీ ఓపికగా చూసింది. "నాకేం తెలుసు నాయనా," అంది.

ఇద్దరూ వంగి, ఆ చేపల్ని గంపలోకి ఎత్తుకున్నారు.